గేదె బంగారమ్మ గడ్డి మిషన్

కొండ కింద పొలాలన్నీ లేఅవుట్ అయ్యాక అక్కడి జంతువులు ప్లాట్లు తీసుకుని ఇళ్ళు కట్టుకున్నాయి. ఇళ్ళు కట్టుకున్నాక వాటికి కొత్తగా సిగ్గు పుట్టింది. అంతవరకూ కనబడిన గడ్డినల్లా తిన్నవే, ఇప్పుడు ఇంటి ముందు గడ్డి పెంచి, దానికి నీళ్ళు పోసి, లాన్ అని పేరు పెట్టి, తినకుండా దానివంక చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాయి. నాగరికత అంటే ఇదేనని వాటికెవరో చెప్పారు.

అందరిలోకీ గేదె బంగారమ్మ లాన్ చూడముచ్చటగా ఉండేది. పెద్దదేం కాదు. ఆవిడ అటొకసారి ఇటొకసారి పొర్లితే అయిపోతుంది. దాన్ని చూసుకునేది గొర్రె చిట్టెమ్మ. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి ఆ ఇంట్లో పనికి కుదిరింది. రోజూ పొద్దున్నే లాన్ అంతా ఒకే ఎత్తున మేసి పెట్టేది. అందుకు బదులుగా పెరటి కొట్టంలో పడుకునేది. ఆ ఇంటి పద్ధతే అది, గడ్డి పని ఎవరిదో కొట్టం వాళ్ళది.

గేటు దగ్గర కుక్క సింహాద్రి ఉండేవాడు. పని మధ్యలో ఉన్నవాళ్ళకి గేటు తీసేవాడు కాదు. దీపాలు పెట్టాక పని అయినవాళ్ళకి కూడా తీసేవాడు కాదు. బంగారమ్మ స్వయంగా వచ్చి అడిగినా పొద్దున్న చూద్దాం అనేవాడు. చిట్టెమ్మకి రాత్రిళ్ళు కంటినిండా నిద్ర పట్టేదంటే అతని మొండితనం వల్లనే.

కంచె అవతల నక్క పాపయ్య ఉండేవాడు. చిట్టెమ్మ పిల్లలు బలుస్తున్నకొద్దీ అతనికి నిద్ర కరువవుతూ వచ్చింది. లోపలికి వెళదామంటే సింహాద్రి. అందుకని తను లోపలికి వెళ్ళే ఆలోచన మానేసి, వాళ్ళని బయటికి రప్పించే ఆలోచన మొదలుపెట్టాడు. పట్నంలో ఏ గోదాం వెనకనుంచి ఈడ్చుకొచ్చాడో గాని, ఒకరోజు గడ్డి కోసే మిషన్ ఒకటి తోసుకుంటూ వచ్చి బంగారమ్మ ఇంటి ముందు ఆగాడు.

"అక్కయ్యగారూ, ఇంత ఇల్లు కట్టారు. ఇంకా లాన్ మీద గొర్రెనే మేపుతున్నారా?"

బంగారమ్మ నెమరు ఆపింది. "మేపితే ఏం?"

"ఏం లేదు. అవతలి వీధిలో అనుకుంటున్నారు."

"ఏమని?"

"అవన్నీ నా నోటితో ఎందుకు లెండి."

అవతలి వీధిలో ఎవరూ ఏమీ అనుకోలేదు. అవతలి వీధిలో ఇంకా ఇళ్ళే లేవు. కాని ఆ సంగతి బంగారమ్మకి తట్టలేదు. ఆవిడ గేటు తీయించి మిషన్ చుట్టూ ఒకసారి తిరిగింది.

పక్కింటి గాడిద రాఘవులు గోడమీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. "ఇది పెట్రోలుది కదూ? నీ జాగాకి ఇంతది ఎందుకమ్మా బంగారమ్మా. నా దగ్గరున్నది చేత్తో తోసేది. తోస్తే కోస్తుంది, ఆపితే ఆగుతుంది. అప్పుడప్పుడూ బ్లేడుకి పదును పెట్టి రెండు చుక్కలు నూనె వేస్తాను. అంతకుమించి దానికో కోరిక లేదు."

"తోసేది నువ్వు తోసుకో రాఘవులూ. అలవాటున్నవాడివి," అంది బంగారమ్మ. "కరెంటువి కూడా ఉంటాయట కదా పాపయ్యా?"

"ఉంటాయి. వాటికి తోకలాగా వైరుంటుంది. మీరు నడుస్తూ నడుస్తూ ఆ వైరు మీదినుంచే పోనిచ్చారనుకోండి..." పాపయ్య మిగతాది చెప్పకుండా కళ్ళు మూసుకున్నాడు.

బంగారమ్మ తన తోక కొంచెం దగ్గరికి లాక్కుంది. "ఇది చప్పుడు చేస్తుందా?"

"లేఅవుట్ అంతా వినబడుతుంది."

"అయితే ఇదే ఉంచు."

లాన్ ఎంత, గడ్డి ఎలాంటిది, తనకి తోసే ఓపిక ఉందా, ఇవేవీ ఆవిడ అడగలేదు. పాపయ్య కూడా వెల మాటెత్తలేదు. "మీ పేరు చెప్పుకుని నాలుగు అమ్ముకుంటాను, నాకదే చాలు" అన్నాడు. ఊరికే వచ్చేదానికి ఎవరూ ప్రశ్నలు వెయ్యరని అతనికి తెలుసు. అయినా బంగారమ్మ ఒకటి వేసింది.

"దీన్ని ఎలా చూసుకోవాలి?"

పాపయ్య ఆ సంగతి ఆలోచించుకు రాలేదు. అతని చూపు పెరట్లో గంతులేస్తున్న గొర్రెపిల్లల మీద ఉంది. అక్కడినుంచి చూపు తిప్పితే బంగారమ్మ దూడ కనబడింది.

"ఏముందండీ, మీ దూడని చూసుకున్నట్టే. వేళకి తిండి, వేళకి స్నానం."

ఆ మధ్యాహ్నమే బంగారమ్మ చిట్టెమ్మని పిలిచింది. "చిట్టెమ్మా, ఇక గడ్డికి మిషన్ వచ్చింది. సంత రోజు దాకా ఉండి, ఆ తర్వాత ఎక్కడన్నా చోటు చూసుకో."

"కంచె దాటితే ఏముందో మీకు తెలియదా అమ్మగారూ? ఒక్క రాత్రి గడవదు నా పిల్లలకి."

"తెలుసు. కాని కొట్టంలో మిషన్ పెట్టాలి కదా."

"మిషన్‌కి పిల్లలున్నారా?"

"లేరు."

"దాన్ని ఎవరన్నా తింటారా?"

"ఎవరు తింటారే దాన్ని?"

"అంటే, పిల్లలు లేనిది, ఎవరూ తిననిది కొట్టంలో ఉంటుంది. పిల్లలున్నది, అందరూ తినేది బయటుంటుంది."

బంగారమ్మ ఆ మాటని కాసేపు నెమరేసింది. అందులో తప్పేమీ కనబడలేదు. "అవును," అంది.

మర్నాడు పొద్దున్నే లాన్‌కి నీళ్ళు పెట్టి, ఆ తడి మీదే బంగారమ్మ మిషన్ నడిపింది. నిజంగానే లేఅవుట్ అంతా వినబడింది. ఎంత కిందికి కోస్తే అంత పనితనం అనుకుని బ్లేడుని అడుక్కి దించేసింది. కొన్ని చోట్ల గడ్డితోపాటు నేల కూడా వచ్చింది. తడి గడ్డి ముద్దలు ముద్దలుగా మిషన్ కింద అంటుకుపోయింది. రాఘవులు గోడమీదినుంచి ఏదో అన్నాడు గాని, చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

కోత అయ్యాక ఆవిడ దాన్ని మడుగుకి తోలుకెళ్ళింది. పీకలోతు నీళ్ళలో దించి, ఎండ తగ్గేదాకా తనూ పక్కనే పడుకుంది. బయటికి తీశాక వీపు రుద్దింది. ఇంటికొచ్చి చిక్కగా తవుడు కలిపి కుడితి చేసి, పెట్రోలు పోసే మూత తీసి అందులో పోసింది. సగం బయటికి పొంగింది.

"మొదట్లో అలాగే మారాం చేస్తాయి," అని దూడతో చెప్పి, మూతి పట్టుకుని మిగతాది కూడా పట్టించింది.

ఇలాంటి మిషన్లకి కావలసిందేమీ పెద్దది కాదు. ఆయిల్ నల్లబడితే మార్చాలి. కోత అయ్యాక ప్లగ్ వైరు పీకి, కింద అంటుకున్న గడ్డి గీకెయ్యాలి. బ్లేడు మొండిబారితే పదును పెట్టాలి. తడి గడ్డి మీద నడపకుండా, పొడి చోట పెట్టాలి. పెట్రోలు ట్యాంకులో పెట్రోలే పొయ్యాలి, ఇది చెప్పక్కర్లేదని అందరూ అనుకుంటారు. ఇవన్నీ చెప్పడానికి చుట్ట సగం కాలేంత సేపు చాలు. పాపయ్య చెప్పలేదు. అతనికి మిషన్ గురించి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. అతనికి కావలసింది కొట్టం ఖాళీ అవడం.

మిషన్ మళ్ళీ లేవలేదు. బంగారమ్మ తాడు లాగితే ఒకసారి త్రేనుపు లాంటిది వచ్చింది. తర్వాత అదీ రాలేదు. ఈలోపు వానలు పడ్డాయి. నున్నగా గీసిన చోట గడ్డి ఎండిపోయింది, మిగిలిన చోట మోకాలెత్తు లేచింది. దూడ అన్నప్రాసన దగ్గరపడింది. చుట్టాలందరికీ లాన్ మీదే కూర్చోబెడతానని బంగారమ్మ ముందే చెప్పేసి ఉంది.

సంత రోజు పాపయ్య ఒళ్ళు దువ్వుకుని వచ్చాడు. చిట్టెమ్మ ఖాళీ చెయ్యడం కళ్ళారా చూద్దామని వచ్చాడు. బంగారమ్మే గేటు తీయించి, అతను లోపల అడుగు పెట్టగానే పట్టుకుంది.

"పాపయ్యా, ఇది లేవడం లేదు."

పాపయ్య మూత తీసి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. "ఏమిటండీ ఇది?"

"కుడితి."

"కుడితా?"

"చిక్కగానే కలిపాను."

"మిషన్‌లో ఎవరన్నా కుడితి పోస్తారా అక్కయ్యగారూ?"

"దూడని చూసుకున్నట్టే చూసుకోమన్నావు."

"అన్నాడు," అన్నాడు గేటు దగ్గరినుంచి సింహాద్రి.

"స్నానం కూడా అన్నాడు," అన్నాడు గోడమీదినుంచి రాఘవులు. "నేను విన్నాను."

"సరే, అయిందేదో అయింది. ఎప్పటికి బాగవుతుంది?" అంది బంగారమ్మ.

"విప్పాలి. కడగాలి. ఆరబెట్టాలి. పట్నంనుంచి సామాను తేవాలి."

"ఎప్పటికి అని అడిగాను."

పాపయ్య మిషన్ వంక చూశాడు. మిషన్‌కీ తెలియదు.

అప్పుడు చిట్టెమ్మ పిల్లలిద్దర్నీ ముందేసుకుని కొట్టంలోంచి వచ్చింది. "వెళ్ళొస్తానమ్మగారూ అని చెబుదామని వచ్చాను. కాని ఈ గడ్డిని చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. మిషన్ లేచేదాకా నేనే మేసి పెడతాను. పాపయ్యన్నని తొందరపెట్టకండి. ఏడాది పట్టినా సరే, నింపాదిగా బాగుచెయ్యనీండి."

పాపయ్య అడ్డు వచ్చాడు. "నీకెందుకమ్మా శ్రమ? అమ్మగారు సంత రోజన్నారు, ఇవాళ సంతే. నువ్వు బయల్దేరు."

"మరి గడ్డి?"

"దానికేదో ఏర్పాటు చేస్తాను."

"ఏ ఏర్పాటు? అన్నప్రాసన పెట్టుకుని ఏదో అంటే ఎలా అన్నా? నీకు చేతకాదంటే చెప్పు, పిల్లల్ని మళ్ళీ లోపలికి తోలుకుపోతాను." ఆ మాట అంటూనే పిల్లల్ని వెనక్కి తిప్పింది.

రెండు బలిసిన తొడలు, వాటి వెనక ఇంకో రెండు, కొట్టం వైపు నడవసాగాయి. పాపయ్యకి ఇంకేమీ కనబడలేదు.

"నేనే కోస్తాను," అన్నాడు.

చిట్టెమ్మ ఆగింది. "నువ్వా? ఎందుకన్నా లేనిపోని గొప్పలు. నీ పళ్ళకి గడ్డి తెగుతుందా?"

"మిషన్ తెచ్చినవాణ్ణి. ఈ గడ్డి నాకొక లెక్కా?"

"అమ్మగారూ, ఈయన మాట నమ్మకండి. ఒక మూల కోసి, నడుం నొప్పని చక్కా పోతాడు. మళ్ళీ నన్నే పిలుస్తారు. ఆ ఉండేదేదో ఇప్పుడే ఉండిపోతాను."

"పోను," అన్నాడు పాపయ్య. "మిషన్ లేచేదాకా ఈ లాన్ పని నాది. ఇంకెవరూ ఇందులో మూతి పెట్టక్కర్లేదు."

"అంత గట్టిగా చెబుతున్నాడంటే చేస్తాడేమోలే," అంది బంగారమ్మ.

"అయితే నేనెందుకిక. సింహాద్రన్నా, గేటు తియ్యి."

సింహాద్రి గేటు తీశాడు. చిట్టెమ్మ పిల్లలతో బయటికి నడిచింది. వాళ్ళు గుమ్మం దాటారో లేదో పాపయ్య కూడా గేటు దగ్గరికి వచ్చాడు. గేటు మూసి ఉంది.

"ఎక్కడికి?" అన్నాడు సింహాద్రి.

"ఇప్పుడే వచ్చేస్తాను. ఇంటిదాకా."

"పని అయిందా?"

"ఇంకా మొదలే పెట్టలేదు."

"అయితే ఇంటికెందుకు? గడ్డి పని ఎవరిదో కొట్టం వాళ్ళది. నీ ఇల్లు అదుగో."

"నేను పనివాణ్ణా? మిషన్ అమ్మేవాణ్ణి."

"ఇందాకటిదాకా."

పాపయ్య బంగారమ్మ వైపు తిరిగాడు. బంగారమ్మ అప్పటికే చుట్టాలని ఎక్కడెక్కడ కూర్చోబెట్టాలో చూసుకుంటోంది. "ఆ మూలనుంచి మొదలుపెట్టు పాపయ్యా. అక్కడ మా ఆడపడుచు కూర్చుంటుంది."

పాపయ్య వంగి ఒక పోచ కొరికాడు. తెగలేదు, వేరుతో సహా ఊడొచ్చింది.

"అలా పీకకూడదన్నా," అంది చిట్టెమ్మ కంచె అవతలినుంచి. "పైపైన కత్తిరించాలి. అడుగంటా కోస్తే వేరు ఎండుతుంది."

పాపయ్య నోట్లో గడ్డితో తలెత్తాడు. "నువ్వింకా పోలేదా?"

"పోవడానికి తొందరేముంది? ఇన్నాళ్ళూ నేను దాక్కున్నది నీ ఒక్కడికి భయపడే. నువ్వు లోపలున్నావు."

ఆవిడ కొండ వైపు నడక సాగించింది. పిల్లలు ఆవిడని వదిలేసి చాలా దూరం ముందుకి పరిగెత్తారు. చిట్టెమ్మ వాళ్ళని వెనక్కి పిలవలేదు.

అన్నప్రాసన బాగానే జరిగింది. ఆడపడుచు లాన్ మీద కూర్చుని, పెదవులన్నీ పచ్చబడి ఒక పక్కగా వంగి ఉన్న పాపయ్యని చూసి అడిగింది. "కొత్త పనివాడా వదినా?"

"ఆఁ. తిండి కూడా మనం పెట్టక్కర్లేదు," అంది బంగారమ్మ.

దీపాలు పెట్టే వేళకి పాపయ్య ఒక వైపు పూర్తిచేసేవాడు. సింహాద్రి వచ్చి చూసి, పని అవలేదని చెప్పి వెళ్ళేవాడు. తెల్లారేసరికి రెండో వైపు పెరిగి ఉండేది. అది కోసేసరికి మొదటి వైపు లేచేది.

నీతి: ఎదుటివాళ్ళ పని ఊడగొట్టాలనుకునేవాడు, ఆ పని తన నోటికి లొంగుతుందో లేదో ముందు కొరికి చూసుకోవాలి.