తెర వెలగని మధ్యాహ్నం

గాజుల సడి లేదు, గడియ తియ్యలేదు,
లోన ఎవ్వరమ్మా, లోనెవ్వరూ?
దీపమైతే ఉంది, పలుకైతే లేదు...

ఇక్కడిదాకానే గుర్తుంది. చిన్నప్పుడు మేం ఆడపిల్లలం ఒకర్ని గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, బయట గుంపుగా నిలబడి ఈ పాట పాడేవాళ్లం. లోపలి పిల్ల పాటలోనే జవాబు చెప్పాలి. ఆ జవాబు చరణం ఎంత తవ్వుకున్నా నాకు రావడం లేదు. అడుగుదామంటే నాతో ఆడినవాళ్లు ఎవరూ మిగల్లేదు. సువర్చల ఆ రోజు సత్యభామ టీచరు గారిని ఒక ప్రశ్న అడిగినప్పుడు, ఎన్నేళ్లుగానో తలచుకోని ఈ పాట నా చెవిలో మోగింది.

ఆమె అడిగింది ఇది: "లోపల మనిషి ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది టీచరు గారూ?"

ఎవరికి తెలుస్తుంది అలాంటిది? కానీ సత్యభామ టీచరు గారిని అందరూ అన్నీ అడిగేవారు. తణుకులో పెద్ద బళ్లో ఆవిడ సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆ తరవాత ఇంటి ముందుగదిలో పొడుగాటి బల్ల ఒకటి వేయించి, దానికి ఒక కొసన మా బోటి ముసలివాళ్లకు అక్షరాలు దిద్దించేవారు. రెండో కొసన కావాలన్నవాళ్లకు కంప్యూటర్లు బిగించడం నేర్పేవారు. మనవరాలికి పెళ్లయ్యాక నాకు చదవడం వచ్చిందంటే ఆ బల్ల పుణ్యమే. ఆవిడకొక అలవాటుండేది. ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు. ఎదురుగా ఏది ఉంటే దాన్ని మన చేతికి ఇస్తారు. నడిచినంతసేపూ చంద్రుడు మన వెంటే ఎందుకొస్తాడని ఒకసారి అడిగితే, నన్ను వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పి తీసుకొచ్చి మజ్జిగ ఇచ్చారు. కారణం చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

సువర్చల మా బల్లకు రెండో కొసన కూర్చునే పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నలభైకి దగ్గర. భర్త శేషగిరి కోర్టు వీధిలో టైపు, ప్రింట్లు తీసే దుకాణం పెట్టుకున్నాడు. అక్కడి మిషన్లు పాడైతే తనే బాగుచేసుకోవచ్చని ఆమె ఈ పనిలో చేరింది. ఒక ఉదయం పళ్లు తోముకుంటూ అతను పెరట్లో కూలబడిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రిలో చెయ్యగలిగిందంతా చేసి, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. కళ్లు తెరిచే ఉంటాయి. పిలిస్తే తిరగవు. ముక్కులో గొట్టం పెట్టి, పాలూ గంజీ అందులోంచే పోస్తున్నారు. ఇంట్లో ఇంకెవరైనా దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం సువర్చల ఒక పూట ఇలా వచ్చి వెళ్లేది.

ఆ ఉదయం, అదే ఇంట్లో ఉండే బావగారు నరసింగరావు ఒక మాట చెప్పాడట. ఎల్లుండి నుంచి ధనిష్ఠా పంచకం. ఆ రోజుల్లో ప్రాణం పోతే ఇల్లు మూసేసి అందరూ బయటికి నడవాలి, నెలల తరబడి ఆ గుమ్మం తొక్కకూడదు. మంచం దిగలేని అమ్మను పట్టుకుని ఎక్కడికి పోతాం? వాడిలో ఇంకేముంది, ఊపిరొక్కటే కదా. ఆ గొట్టం తీసేస్తే వాడూ సుఖపడతాడు. ఇంకెవరూ చెప్పక్కర్లేదు, నువ్వు ఊఁ అంటే చాలు, మధ్యాహ్నం కాంపౌండరును తీసుకొస్తాను అన్నాడట. ఆయన చెడ్డవాడని నేననను. ఆసుపత్రి నుంచి తమ్ముణ్ణి చంటిపిల్లాడిలా ఎత్తుకుని మెట్లెక్కించింది ఆయనే. అత్తగారేమో కోడలి ఇష్టమని గోడవైపు తిరిగి పడుకుంది. అలా అంతా వచ్చి సువర్చల ఊఁ మీద ఆగింది. అప్పుడే ఆమె చెప్పులేసుకుని మా దగ్గరికొచ్చి ఆ ప్రశ్న అడిగింది.

టీచరు గారు ఆమె మొహంలోకి చూశారు. తరవాత బల్ల మీదికి చూశారు. అక్కడ ముందురోజు సువర్చలే బిగించిన కొత్త మిషను ఉంది. ఇంకా ఒక్కసారైనా వెలిగించలేదు. పక్క రేకు ఊడదీసి ఉండటాన లోపలి సామానంతా కనబడుతోంది. ముందు దాన్ని వెయ్యమన్నారు.

సువర్చల స్విచ్ నొక్కింది. లోపల బుల్లి ఫ్యాన్లు తిరిగాయి. దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కాసేపు చూసి ఆపేసింది. మెమరీ పలకల్ని ఊడదీసి, వాటి అంచులు పిల్లల రబ్బరుతో తుడిచి, టక్కుమనేదాకా నొక్కి పెట్టి, మళ్లీ వేసింది. నలుపే. ఆపేసింది. తెరకు వెళ్లే వైరు ఒకచోట పీకి ఇంకోచోట గుచ్చింది. నలుపే. రెండు పలకల్లో ఒకటి తీసేసి ఒక్కదాంతో వేసింది. గోడవార ఉన్న పాత తెర తెచ్చి తగిలించి చూసింది. వేస్తోంది, ఆపుతోంది. మొదటిసారి చూసినంతసేపు రెండోసారి చూడలేదు, రెండోసారి చూసినంత ఆ తరవాత చూడలేదు. మధ్యమధ్య కళ్లు గడియారం మీదికి పోతున్నాయి.

నాకు తెలియక అడిగాను. గాలి తిరుగుతోంది, దీపాలున్నాయి, మరి దీనికి వచ్చిన రోగమేమిటని.

"మా ఇంట్లోనూ అంతే కదా పెద్దమ్మగారూ" అంది సువర్చల. కళ్లలో నీళ్లు లేవు. నేను నా రాతపలక ఒళ్లోకి తీసుకున్నాను.

ఆమె మళ్లీ ఆపబోతుంటే టీచరు గారు లేచి వచ్చి, స్విచ్ మీదున్న ఆమె చేతిని పట్టుకుని పక్కకు తీశారు. "నువ్వు ఆపినప్పుడల్లా అది మళ్లీ మొదటికొస్తోంది" అన్నారు.

ఇప్పుడొచ్చే మెమరీలు వేరట. లోపల అన్నిటినీ కలిపే పెద్ద బోర్డు ఒకటుంటుంది, ఆ కొత్త బోర్డులో కొత్త మెమరీ పెట్టి మొదటిసారి వెలిగించినప్పుడు, ఆ బోర్డు దాన్ని తడిమి తడిమి తెలుసుకోవాలట. అది పూర్తయ్యేదాకా తెర మీద చుక్క కూడా రాదు. చూసేవాళ్లకు చచ్చినట్టే ఉంటుంది. మధ్యలో ఆపేస్తే తెలుసుకున్నదంతా పోయి మళ్లీ మొదలు. కొత్తగా బిగించినవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదేనట. ఇంకో రోజైతే ఈ సంగతి సువర్చలే పక్కవాళ్లకు చెప్పి ఉండేది. ఆ రోజు ఆమెకు తెలిసినవేవీ దగ్గర లేవు.

ఎంతసేపు పడుతుందని ఆమె అడిగింది. తెలియదన్నారు టీచరు గారు.

"ఎంతసేపు చూసినా రాకపోతే?"

"రాకపోతే, రాలేదని తెలుస్తుంది. ఇప్పటిదాకా మనకు తెలిసింది మనం ఆపేశామన్నదొక్కటే."

మళ్లీ వేశారు. ముగ్గురం ఆ నలుపు ముందు కూర్చున్నాం. అద్దంలోలా అందులో మేమే కనబడుతున్నాం. టీచరు గారి కళ్లజోడు, నా ముగ్గుబుట్ట తల, సువర్చల నుదుటి మీద బొట్టు. ఫ్యాను చప్పుడు పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టుంది. మెమరీ పక్కన చిన్న పచ్చటి దీపం ఆరకుండా, పెరగకుండా అలాగే ఉంది. ఒక్కో అక్షరం ముందు నేనూ ఇలా ఏమీ తెలియకుండా కూర్చున్న రోజులున్నాయి. ఆవిడ నన్నెప్పుడూ మధ్యలో లేపలేదు. ఆ కూర్చోవడం నాకు అలవాటే. సువర్చలకు మాత్రం అది నిప్పుల మీద కూర్చున్నట్టే ఉండి ఉంటుంది.

ఫోను మోగింది. బావగారు. ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయింది, మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఈసారి తీసింది. అవతల ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఆమె అంతా విని, "గొట్టం తియ్యనివ్వను బావగారూ, నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి" అంది. గొంతు పెంచలేదు. లేచి నిలబడింది. వెళ్లేటప్పుడు బల్ల మీద మిషన్లు ఆపి వెళ్లడం అక్కడి పద్ధతి. అలవాటు కొద్దీ చెయ్యి స్విచ్ దాకా వెళ్లింది. అక్కడ ఆగి, వెనక్కి వచ్చింది. ఆమె వెళ్లిపోయింది.

దీపాలు పెట్టే వేళదాకా మేమిద్దరం చూశాం. తెర రాలేదు.

మర్నాడు ఆ మెమరీ పలకల్నే ఇంకో బోర్డులో పెడితే బొమ్మ వచ్చింది. పాడైంది బోర్డట. కొట్టువాడు మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నాడు. ఎంతసేపు కూర్చున్నా అది వెలిగేది కాదు.

శేషగిరీ లేవలేదు. ఆ రోజులన్నీ సువర్చల మంచం పక్కనే ఉంది. అంతకుముందు ఇంటిల్లిపాదీ ఒకేసారి పేరు పెట్టి అరిచేవారట, బుగ్గ మీద తట్టేవారట, పలకకపోతే ఇంకా గట్టిగా అరిచేవారట. ఆమె అది మాన్పించింది. ఒక్క మాట అడిగి ఊరుకునేది. వినబడితే ఒకసారి కన్ను మూయమనేది, చాలాసేపు అలాగే చూసేది. ఒక్కోసారి రెప్ప పడేది. రెప్పలు వాటంతటవి కూడా పడతాయి కదా. ఒక సాయంత్రం కంటి కొస నుంచి నీరు కారింది. కళ్లు ఎండిపోతే అలా కారుతుందని డాక్టరు చెప్పాడు. అది శేషగిరి కన్నీరేనా, ఒట్టి నీరేనా, ఆమెకు తెలియలేదు. ఇక తెలియదు. ధనిష్ఠా పంచకం దాటకుండానే అతను పోయాడు.

అన్నట్టే అయింది. గుమ్మానికి అడ్డంగా కంప వేసి తాళం పెట్టారు. అత్తగారిని మంచంతో సహా మోసుకుపోయి నరసింగరావు అత్తవారి ఊళ్లో పెట్టారు. ఆవిడ అక్కడ ఎవర్నీ గుర్తుపట్టడం లేదన్నారు. బావగారు సువర్చలతో మాట మానేశాడు. మొగుడు ఎలాగూ దక్కలేదు, కొంపంతటినీ వీధిలో నిలబెట్టిందని బంధువులు ఆమె ఎదుటే అన్నారు. ఆమె దుకాణం వెనక గదిలో కాగితాల కట్టల మధ్య చాప వేసుకుంది. నేను క్యారేజీలో అన్నం పట్టుకెళ్లాను. ఏడుస్తుందేమో, పట్టుకుందామనుకున్నాను. ఏడవలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందని మాత్రం చెప్పింది.

అక్కణ్ణుంచి తిన్నగా టీచరు గారింటికి వెళ్లాను. ఆవిడ అప్పటికే సామాను సర్దుకుంటున్నారు. చెల్లెలు వచ్చి విశాఖపట్నం తీసుకెళుతోంది, ఒంట్లో బాగుండటం లేదని. నాకు అదేమీ పట్టలేదు. ఆ మిషనూ రాలేదు, ఆ మనిషీ రాలేదు, ఉన్న గూడు కాస్తా పోయింది, నా అన్నవాళ్లు లేకుండా పోయారు. ఆ పూట మీరు ఆ పిల్లను కూర్చోబెట్టినందుకు దానికి దక్కిందేమిటని అడిగేశాను. ఆవిడతో అలా మాట్లాడటం నాకదే మొదలు.

ఎప్పటిలా దేన్నైనా చేతికిస్తారేమోనని చూశాను. బల్ల మీద ఏమీ లేదు. అన్నీ కట్టేసి ఉన్నాయి. ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. నేను వెళతానని లేచాను. ఆ తరవాత ఆవిడ్ని నేను చూడలేదు, పోయారన్న కబురే వచ్చింది. గుమ్మం దాకా వచ్చి ఆ రోజు నాతో అన్నదే ఆఖరి మాట.

"వస్తాడని నేననలేదు పెద్దమ్మగారూ. ఆపిన చెయ్యి ఆ పిల్లది కాకుండా ఉంటే చాలనుకున్నాను."