పైడయ్య గీత

అనగనగా, ఘాట్ రోడ్డు ఇంకా ఎర్రమట్టి బాటగా ఉన్నప్పటి మాట. కొండ మీది పల్లెలన్నిటికీ కలిపి ఒకటే కారు. దాన్ని నడిపేవాడు సన్నిబాబు. బాగుచేసేవాడు పైడయ్య. ఆ పైడయ్యకు రేకుల షెడ్డొకటి, నాలుగు పానాలు, బోలెడంత మొండితనం, అంతే ఆస్తి.

ఆ కారుకు వణుకు పట్టుకుంది. జోరందుకుంటే చాలు, జ్వరమొచ్చిన మనిషిలా ఊగిపోయేది. చక్రాలన్నారు, చక్రాలు మార్చారు. వణుకు పోలేదు. ఇంజను కింది రబ్బర్లన్నారు, అవీ మార్చారు. వణుకు పోలేదు. దిష్టన్నారు, నిమ్మకాయలు కట్టారు. వణుకు పోతుందా, పోలేదు.

అలాంటప్పుడు సన్నిబాబు చెల్లెలు పోలమ్మకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, కింద పెద్దాసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరని మంత్రసాని చెప్పేసింది. సన్నిబాబు చెల్లెల్ని కారెక్కించి బయల్దేరాడు. షెడ్డు దగ్గర పైడయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఇలాగే దిగితే మలుపులో ఏదో ఒకటి తెగుతాది. అమ్మిని మంచం మీద పడుకోబెట్టు. నాను సూసినాకే కదలాల."

"ఈలోగా దాని పేనం పోతే, మావా?"

"కారు లోయలో పడితే ముగ్గురి పేనాలూ పోతాయి."

పైడయ్య కారెక్కి సన్నిబాబు పక్కన కూర్చున్నాడు. బండి కదలకుండా నిలబెట్టే యాక్సిలేటరు గట్టిగా తొక్కించాడు. వణుకు లేదు. గేరులో రోడ్డు మీద పరిగెత్తించాడు. వణుకు వచ్చింది. అదే జోరులో గేరు తీసేయమన్నాడు. ఇంజను చప్పుడు తగ్గింది, వణుకు తగ్గలేదు.

"ఇంజను కాదురా. సెక్రాలా, కొత్తయి. ఇంజను జోరుని ఎనక సెక్రాలకిచ్చే షాఫ్టే, మజ్జిలో తిరిగేదే ఇది."

షెడ్డుకొచ్చి కారు కింద దూరాడు. షాఫ్టు జాయింట్లు రెండూ ఊపి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. మంచం మీద పోలమ్మ మూలుగుతోంది. జనం పైడయ్యను నానా మాటలన్నారు. అతను లేవలేదు.

"దీన్నెవురైనా ఇప్పినారా?"

"గ్రీజు పెట్టడానికి నానే, ఒకదాన్లో ఒకటి దూరే ఆ రెండు ముక్కలూ లాగి, మల్లీ దూర్చినాను."

"ముందు ఎలాగున్నాయో అలాగే దూర్చినావా?"

సన్నిబాబు కూడా కారు కిందకి దూరి చూశాడు. రెండు చివరల జాయింట్లూ ఒకే వరసలో ఉండాలి. ఒకటి పక్కకు తిరిగి ఉంది. అదీ జబ్బు. పైడయ్య షాఫ్టు దింపాడు, వరస కలిపాడు, బిగించాడు. ఒకసారి పరిగెత్తించి చూశాడు. వణుకు పోయింది. అప్పుడు గానీ పోలమ్మను ఎక్కించనివ్వలేదు.

తల్లీ దక్కింది, బిడ్డా దక్కింది. మొండివాడే, కానీ ఆ మొండితనానికి దండం పెట్టాలి.

పైడయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆ కొండదారిలో ఇప్పటికీ ఎవరూ షాఫ్టు ఊరికే విప్పరు. ముందు రెండు ముక్కల మీదుగా సున్నంతో గీత గీస్తారు. బిగించేటప్పుడు గీతకు గీత కలుపుతారు. దాన్ని పైడయ్య గీత అంటారు. తొందరలో ఎవడైనా మరిచాడా, పక్కవాడు చేతిలోంచి పానా లాగేసుకుంటాడు.

"ఆగరా. సచ్చిపోయినోడ్ని మల్లీ బండి కింద పడుకోబెడతావేటి?" అంటాడు.