గంప మీద కూచున్న బీరవ్వ

అనగనగా, కొండలింకా పసిపిల్లలై పారాడే కాలంలో, ఒక దొర గడీలో దొంగల పాతర ఉండేది. పొద్దున రాయి వేస్తే మాపటికి చప్పుడు వినబడేంత లోతు గొయ్యి. ఆ ఊళ్లోనే గొర్రెలు కాసే ముసలి బీరవ్వ ఉండేది. తను తుమ్మి తనే జడుసుకునేంత పిరికిది. మందలో పొట్టేళ్లు తొక్కుతాయని చిన్న గొర్రెపిల్లల్ని పెద్ద గంప కింద మూసి మేతకు పోయేది.

ఒకనాడు ఐలిగాడు, పాలపళ్లయినా రాలని పోరడు, దొర చేలో కంకులు దొంగిలించి కాల్చుకుంటూ గడ్డివాము తగలబెట్టాడు. ఆ మంటకు చందమామ గడ్డం కమిలిందట!

"పాతరలో దింపండి," అన్నాడు దొర.

పాతర నిండా గొంతులు కోసిన బందిపోట్లే. ఇదివరకు దిగిన పోరల్లో ఒకడు మాట పోయి వచ్చాడు. ఒకడు కత్తి పట్టి వచ్చాడు. ఒకడు రానే లేదు.

భటులు ఐలిగాణ్ని పాతర గట్టుకు ఈడుస్తుంటే, అటుగా పోతున్న బీరవ్వకు ఏం తోచిందో ఏమో! నెత్తి మీది గంపను గబుక్కున పోరని మీద బోర్లించి, ఎక్కి కూచుంది.

"లే ముసలీ! వాడు దొంగ!" అని అరిచాడు దొర.

"దొంగే బాంచెన్, నేను కాదంటినా? గడ్డి మోయించుండ్రి, పేడ తీయించుండ్రి. పిల్లను తీస్కపోయి పొట్టేళ్లల్ల తోలకుండ్రి."

దొర పకపకా నవ్వాడు. "నువ్వు లేచేదాకా వాణ్ని ముట్టం. ఇది గడీ మాట. లేచిన క్షణం పాతరే."

భటులు మెడకు బల్లేలు ఆనించారు. బీరవ్వ గడగడా వణికింది. లేవలేదు.

దూడలంతేసి కుక్కల్ని వదిలారు. గడీ గోడలు పెచ్చులూడేలా వణికింది. లేవలేదు.

అప్పుడు పాతరలోంచి గొంతులు లేచాయి. "పంపవ్వా... లేతపోరన్ని పంపు... ఇక్కడ ఆకలైతుంది..."

గంప సందులోంచి చిన్న చెయ్యి ఆమె కొంగు పట్టుకుంది. "లేవకవ్వా!"

"నాకూ భయమే బిడ్డా. గట్టిగ పట్టుకో."

ఎండ కాసింది. వాన కొట్టింది. తెల్లారి దొర వచ్చి "లే" అన్నాడు.

బీరవ్వ వణకలేదు. లేవనూ లేదు. ముట్టుకుంటే ఒళ్లు చల్లగా ఉంది.

భటులు ఆమెను పక్కకు లాగబోయారు. దొర మొహం తెల్లబోయింది.

"ఆగండ్రా! ఆమె లేవలేదు."

కూచున్నదాన్ని కూచున్నట్టే ఎత్తి సమాధి చేశారు. ఐలిగాడు కొత్త వాము నిలబడేదాకా గడ్డి మోశాడు. పాతరలోకి మాత్రం దిగలేదు.

ఆ పల్లెల్లో ఇప్పటికీ పిల్లలు పెద్ద తప్పు చేస్తే, పంచాయితీ ముందు గంప బోర్లిస్తారు. ఒక ముసలమ్మ ఎక్కి కూచుంటుంది. పెద్దవాళ్లకు వేసే శిక్షే వేద్దామని ఎవరైనా నోరు తెరిస్తే, ఆమె ఒక్కటే మాట అంటుంది:

"బీరవ్వ ఇంకా లేవలేదు."