బోటి కడిగేవాళ్ల మూడు దెబ్బలు

చలమయ్య మాస్టారిని ప్రశ్న అడిగితే నోరు విప్పరు, చెప్పులేసుకుంటారు. ఆ ఆదివారం పొద్దున ఆయన చెప్పులు వెతుక్కుంటుంటే, ఆయన దగ్గర భాషల మీద పరిశోధన చేస్తున్న ప్రభుదాసుకి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి! ఆరేళ్లుగా ఒక్క మాట వెంటపడి తిరుగుతున్నాడు. జర్మన్, ఇంగ్లీషులకు తల్లి అయిన భాషలో పేగులూ కార్జమూ అన్నిటినీ కలిపి చెప్పే మాట అది. ఆ తల్లి మాటను రాసిపెట్టినవాళ్లు లేరు. పిల్ల భాషల్లో మిగిలినవాటిని పోల్చి కూడగట్టాడు. దాఖలా లేదు కనుక, ఊహించి కట్టిన మాటని తెలిసేలా దాని ముందు నక్షత్రం గుర్తు పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. అదెలా పుట్టిందంటే మాత్రం ముగ్గురు పండితులు మూడు దారులు చూపించారు. రేపే గ్రంథం అప్పగించాలి.

"ఏదో ఒకటి ఖాయమని రాసేశానండీ. పుట్టుక చెప్పకపోతే ఆరేళ్ల పనీ గంగలో కలిసినట్టే కదా?" అన్నాడు, అది రాసిన ఆఖరి పేజీ ఉన్న సంచి బిగించి పట్టుకుని.

మాస్టారు అతన్ని మాంసం బజారుకి తీసుకెళ్లారు. అక్కడ బోటి కడిగి అమ్మే హుసేన్‌బీ పేగులకి సున్నం రాస్తోంది. పేగు తిరగేసేముందు కత్తితో బేసిను అంచు మీద మూడుసార్లు కొట్టింది.

"ఎందుకమ్మా?" అన్నారు మాస్టారు.

"పిల్లి బెదరాలని. మాయమ్మ అట్టాగే కొట్టేది."

వంతెన దగ్గర ఆమె చెల్లెలు మస్తాన్‌బీ. అక్కతో పదేళ్లుగా మాటల్లేవు. కడగడానికి ఈమె వాడేది సున్నం కాదు, వేన్నీళ్లు. అయినా అవే మూడు దెబ్బలు!

"పిల్లి కోసమేనా?" ఆగలేక అడిగేశాడు ప్రభుదాసు.

"పిల్లేంది, దాని మొహం! కత్తికంటిన కొవ్వు రాలాలిగా."

స్టేషను వెనక ఆఖరి చెల్లెలు మీరాబీ. ఈమె అక్కలిద్దరి గడపా తొక్కదు. ఉప్పూ పసుపూ పట్టించి, తనూ మూడుసార్లు కొట్టింది. కారణం అడిగితే కత్తి వంక చూసింది.

"ఏమో సారూ. అమ్మ పోయి ఇరవయ్యేళ్లు. కొట్టకపోతే నాకు చెయ్యి సాగదు."

ప్రభుదాసు గడియారం చూసుకున్నాడు. ఎండ నెత్తికెక్కింది, ఈగలు ముసురుతున్నాయి.

"ముగ్గురిలో ఎవరిది నిజమండీ?" అంటూనే అతని చెయ్యి సంచిలోని ఆఖరి పేజీ మీదికి పోయింది.

మాస్టారు నిదానంగా అన్నారు: "ఇరవయ్యేళ్ల కిందట పోయిన మనిషి చేతి చప్పుడు విన్నావు. ఎందుకు కొట్టేదో తెలియకపోతేనేం, చాలదట్రా?"