పేల పండుగ ఆగిన ఏడాది

మబ్బుకొండ అడవిలో జింకలు, ఎలుగులు, అడవికోళ్ళు, లెక్కకందనన్ని కోతులు ఉండేవి. ఆ కోతుల్లో కొనగోరయ్య అని ఒకడు. పేలు చూడటంలో వాడిని మించినవాడు మూడు లోకాల్లోనూ లేడు. ఏనుగు తుమ్మడం మొదలుపెట్టి ముగించేలోపు దాని చెవి వెనక దాగిన పేనుని పట్టి, నలిపి, చెయ్యి దులుపుకునేవాడు. పరుగెత్తే జింక తోక మీది ఈపిని చూసి, అది రేపు పిల్లవుతుందో ఎల్లుండి పిల్లవుతుందో చెప్పేవాడు. వాడు వస్తున్నాడంటే పక్క అడవి పేలు కూడా పిల్లాపాపలతో వలస పోయేవి.

కోతులకి పేలు చూసుకోవడం అంటే ఉత్త దురద సంగతి కాదు. పొద్దు వాలగానే అందరూ మద్దిచెట్టు కింద వరసగా కూర్చునేవారు. తగాదా పడ్డవాళ్ళు అక్కడే కలిసిపోయేవారు, పెళ్ళి మాటలూ అక్కడే. ఏడాదికొకసారి నిండు పున్నమికి పేల పండుగ. ఆ రోజే పసిబిడ్డలకి తొలిచూపు. అంటే తండ్రి మొదటిసారి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని తల చూస్తాడు. తొలిచూపు ఎవరు చూస్తే బిడ్డ వాళ్ళకే మాలిమి అవుతుంది.

ఆ ఏడు కొనగోరయ్యకి కూతురు పుట్టింది. భార్య తేనెకంటి పురిటిచెట్టు మీద ఉంది. మంత్రసాని చింపిరమ్మ పక్కచెట్టు మీద ఉండి కనిపెట్టుకుంటోంది. కొనగోరయ్య వేళ్ళు విరుచుకుంటూ పున్నమి కోసం ఎదురుచూస్తున్నాడు.

అంతలో దగ్గుజబ్బు వచ్చిపడింది. ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే చాలు, అంటుకునేది. పక్క అడవిలో అప్పటికే కొమ్మలు ఖాళీ అయిపోయాయి. కోతుల పెద్ద తెల్లబొచ్చు తాత అందరికీ కేకేసి చెప్పాడు. పసిబిడ్డలు తల్లుల దగ్గర, మిగతావాళ్ళు చెట్టుకొక్కరే ఉండాలట. ఎవరి చెయ్యీ ఎవరికీ తగలకూడదట. పేల పండుగ తొలకరి చినుకు పడ్డాకేనట.

కొనగోరయ్యకి ఏమీ అర్థం కాలేదు. సాయంత్రమంటే వరసలో కూర్చునే వేళ. మరి వరసే లేకపోతే సాయంత్రమైందని తెలిసేదెలా? పొద్దున రెండుసార్లు తిన్నాడు, మధ్యాహ్నం మరిచిపోయాడు. చందమామ వస్తే తెల్లారిందనుకుని పళ్ళకి బయల్దేరాడు. నిన్న ఏదో మొన్న ఏదో కలగాపులగమైపోయింది.

వేళ్ళు మాత్రం ఊరుకోలేదు. నాచు పట్టిన కొమ్మని పాయలు తీసి చూశాడు. గడ్డికుచ్చుని ఒళ్ళో పెట్టుకుని వెతికాడు. ఒకనాడు నిద్రపోతున్న ఎలుగు వీపు సగం చూశాక అది కాస్తా లేచింది. అప్పుడు వాడు దూకిన దూకుకి దారి ఇవ్వడానికి రెండు కొండలు తల వంచాయి.

చింపిరమ్మకీ మొదట్లో దిక్కు తోచలేదు. పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు ఆకాశం చూసేది. దురద పుడితే గరుకు బెరడుకి వీపు రుద్దుకుంది. దుమ్ములో పొర్లింది. బాగానే ఉందనిపించి, ఆ సంగతి చెట్టు మీంచి చెట్టు మీదికి కేకేసి అందరికీ చెప్పింది. తగవులు కూడా కేకలతోనే తీర్చింది.

"పిన్నీ, దుమ్ములో పొర్లడానికి మనమేమన్నా అడవికోళ్ళమా?" అని కొనగోరయ్య నవ్వాడు.

"ఏమో నాయనా. ఈమధ్య మనం ఎవరమో నాకూ సరిగ్గా తెలియడం లేదు. దురద మాత్రం తగ్గింది," అంది చింపిరమ్మ.

కొన్నాళ్ళకి వాగు అవతలి కుర్రకోతులు చాటుగా పేల పోటీ పెట్టుకుంటున్నాయని కబురొచ్చింది. కొనగోరయ్య లేని పోటీ ఉప్పు లేని కూర అని పొగిడి మరీ పిలిచాయి. వాడు కొమ్మ దిగుతుంటే చింపిరమ్మ చూసింది.

"ఎక్కడికిరా?"

"ఇలా వెళ్ళి అలా వస్తా పిన్నీ. నేను వెళ్ళకపోతే ఎవడో అనామకుడు గెలుస్తాడు."

"గెలవనీ. తొలకరి దాకా ఆగితే నీ బిడ్డ తల నీదే కదా."

"నా చేతులకి జబ్బు అంటుతుందా? పేలే వణుకుతాయి."

"పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందట. నువ్వు వేళ్ళకిచ్చావు పెత్తనం."

వాడు వెళ్ళాడు, గెలిచాడు. కళ్ళకి ఆకు కట్టుకుని, ఒంటిచేత్తో, ఆవులిస్తూ గెలిచాడు. ఆ చప్పట్లకి వాగు కాసేపు వెనక్కి పారింది.

తిరిగొచ్చాక దగ్గు మొదలైంది. వాడు దగ్గితే పక్క కొండ మీది కాయలు రాలాయి. తాత వాడిని దూరంగా ఒంటిబండ మీదికి పంపేశాడు. దగ్గు పూర్తిగా పోయేదాకా దిగకూడదన్నాడు. చింపిరమ్మ రోజూ దూరం నుంచి పళ్ళు విసిరేది.

తొలకరి పడింది. మద్దిచెట్టు కింద వరసలు కట్టడం బండ మీంచి కనిపించింది. ఒక్కరోజు ఆగమని అరవబోయాడు. దగ్గు అడ్డుపడింది. ఆ పూట తండ్రి లేకపోతే తొలిచూపు మంత్రసాని చూడాలన్నది కట్టుబాటు. చింపిరమ్మ బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది.

దగ్గు తగ్గి కొనగోరయ్య దిగివచ్చేసరికి కష్టకాలంలో అందరికీ దారి చూపిందని తాత తన పెద్దరికాన్ని చింపిరమ్మకి అప్పగించేశాడు. కోతులన్నీ ఆమె ముందు కూర్చుని ఉన్నాయి. వాడు కూతురి వైపు చేతులు చాచాడు. ఆ పిల్ల బెదిరి పళ్ళు చూపించి, చింపిరమ్మ వెనక్కి పోయి దాక్కుంది.

"అవ్వా, ఎవరాయన?"

"మీ నాన్నే అమ్మా. కొత్త కదా, మెల్లగా అలవాటవుతాడు."

కొనగోరయ్య చాచిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక కాసేపు అలాగే ఉంచాడు. తరవాత వరసలో చిట్టచివరికి వెళ్ళి కూర్చున్నాడు.

నీతి: ఆగిన పండుగ మళ్ళీ వస్తుంది. అది వచ్చేదాకా ఆగలేనివాడు తనవాళ్ళకే కొత్తవాడవుతాడు.