వెన్నెలమ్మకి దక్కిన నీళ్ల వేళ

జేగురుకొండ అడివిలో తొలకరి పడగానే రెండు మొదలవుతాయి. ఒకటి పుట్టగొడుగులు, రెండోది కచేరీ కమిటీ తగాదా. పుట్టగొడుగులు వారానికి తగ్గిపోతాయి.

ఆ ఏడు కమిటీ పెద్దబండ మీద కూర్చుంది. అధ్యక్షుడు ఎలుగుబంటి భూషయ్య. ఆయన కళ్లు మూసుకుంటే ఆలోచిస్తున్నాడని సభ్యుల నమ్మకం. గురక వినబడ్డాక కూడా ఆ నమ్మకం చెడలేదు. కార్యదర్శి నక్క జంబయ్య. కార్యక్రమాల పట్టిక టేకాకు మీద గీకేది ఆయనే కాబట్టి, అందులో ఆయన పేరే ఎప్పుడూ పెద్దగా ఉంటుంది.

ముందుగా నోరు విప్పింది గేదె వెన్నెలమ్మ. పేరుకీ రంగుకీ పొత్తేమిటని అడక్కండి, పెట్టినవాళ్ల ముచ్చట వాళ్లది. పక్కన డోలు కట్టుకుని తోకతో వాయిస్తుందావిడ. మూడేళ్లుగా అందరి పాటలకీ వెనక నిలబడి తాళం వేసింది.

"జంబయ్యా, ఈ ఏడు నాకు విడిగా ఒక్క అంశం వెయ్యి. ఎవరి వెనకా కాదు, నేనొక్కదాన్నే. ఈసారీ కుదరదంటే డోలు విప్పేస్తాను. మళ్లీ కట్టను."

"నువ్వింతగా అడగాలా వదినా? కప్పల బృందగానం, కోయిల పాట, ఆ వెంటనే నువ్వే. పొద్దువాలే వేళ."

పొద్దువాలే వేళంటే అడివంతా వాగుకి నీళ్లకి పోయే వేళ. వెన్నెలమ్మ నమలడం ఆపేసింది.

"అప్పుడు వినేదెవరయ్యా?"

"ఈ రాళ్లున్నాయిగా. మంచి శ్రోతలు, మధ్యలో లేచిపోవు."

పై కొమ్మ మీంచి ఉడుత బుల్లెమ్మ అడిగింది. "మరి నీ ఊళ ఎప్పుడు బాబాయ్?"

"ఊళ కాదమ్మా, ఆలాపన. అది ఆఖర్న."

"నిరుడు మొదటే కావాలని కొట్లాడావుగా?"

"నిరుడు నాకు లోకం తెలీదు. పోయిన నెల పట్నంలో సంగీత సభ హాలుకెళ్లి వెనక కిటికీలోంచి చూశాను. మొదట పాడినవాళ్లకి జనం కూర్చునే చప్పట్లు కొట్టారు. ఆఖరి పాట ఎత్తుకున్నారో లేదో, వరసలు వరసలుగా లేచి నిలబడ్డారు. మర్యాదంటే అదీ."

"నిలబడి ఏం చేశారు?"

"వాచ్‌మన్ కర్ర పట్టుకొచ్చాడు. నాకు వేరే పనుండి వచ్చేశాను."

బుల్లెమ్మ పుట్టి పెరిగింది ఆ హాలు దూలం మీదే. అది తోకతో మూతి కప్పుకుంది. నవ్వు దాచుకోడానికని మీరనుకోవచ్చు, నేను మాత్రం అనను.

"అయితే రాసుకో బాబాయ్. ఆఖరి పాటకి హాల్లో జనం ఏం చేస్తారో, మనవాళ్లూ అచ్చం అదే చెయ్యాలని."

"అచ్చం అదే," అంటూ జంబయ్య రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. భూషయ్య నిద్రలో తలూపాడు. తీర్మానం నెగ్గింది.

ఇంటిదారిలో వెన్నెలమ్మ డోలు తాడు విప్పుకోబోతుంటే బుల్లెమ్మ వీపు మీదికి దూకింది.

"ఆగత్తా. ఏ వేళకి వాయించాలో రాశాడు గానీ, ఎక్కడ వాయించాలో రాశాడా?"

వెన్నెలమ్మ తాడు వదిలేసింది. నెమ్మదిగా మళ్లీ నమలడం మొదలుపెట్టింది.

కచేరీ రోజు కోయిల పాట అయ్యేసరికి పొద్దు వాలింది. అడివంతా వాగుకి బయల్దేరింది. అందరికన్నా ముందు వెన్నెలమ్మ వెళ్లి మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. తోక లేచింది. మొదటి దెబ్బ నీటి మీదుగా జారి అవతలి గట్టుకి తగిలి తిరిగొచ్చింది. నీళ్లు తాగుతున్న దుప్పి తలెత్తింది, మళ్లీ దించలేదు. అడివిపంది పిల్లలు తల్లి పొట్ట కింద నిలబడి కాళ్లతో బురద తొక్కుతూ దరువు పట్టుకున్నాయి. భూషయ్య మొదట్నించి చివరిదాకా కళ్లు తెరుచుకునే విన్నాడు. కమిటీకి ఇది కొత్త.

బండ దగ్గర జంబయ్యకి తోడు రాళ్లు మిగిలాయి. మంచి శ్రోతలు, లేచిపోలేదు.

అంతా తిరిగొచ్చి కూర్చున్నాక జంబయ్య మూతి పైకెత్తి ఆలాపన అందుకున్నాడు. సభంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. ఆయన ఛాతీ ఉబ్బింది. ఆ తర్వాత, బుల్లెమ్మ ముందే నేర్పినట్టు, అందరూ వెనక దుమ్ము దులుపుకున్నారు. చెప్పులు లేకపోయినా కిందకి వంగి కాసేపు వెతుక్కున్నారు. ఆవలిస్తూ, పిల్లల్ని కేకేసుకుంటూ ఇళ్లకి నడిచారు.

"ఎక్కడికర్రా? నేనింకా పాడుతున్నాను," అన్నాడు జంబయ్య.

"హాల్లో అచ్చం ఇదే చేస్తారు బాబాయ్," అంది బుల్లెమ్మ. "కింద రెండు గీతలు నువ్వే గీశావు."

వెన్నెలమ్మ ఒక్కతే వెళ్లలేదు. దగ్గరికొచ్చి మెల్లగా తాళం వేసి, ఆయన పాట పూర్తి చేయించింది.

"బాగానే పాడతావయ్యా. వచ్చే కచేరీకి నువ్వూ వాగులోకి రా. నా వెనక నిలబడి పాడుదువుగాని."

"వెనకా?"

"మూడేళ్లు నేనున్నాగా అక్కడ. పాట బాగా వినబడుతుంది."

జంబయ్య టేకాకు తీసి తన పేరు చెరిపి, మళ్లీ రాసుకున్నాడు. ఈసారి చిన్నగా, నీళ్ల వేళ కింద.

నీతి: పక్కవాళ్లకి జరిగే మర్యాద మనకీ కావాలనుకుంటే, అది ఎలా ముగుస్తుందో చివరిదాకా ఆగి చూడాలి.