పెట్ట నేర్చిన కంప్యూటర్ విద్య

చింతతోపు కంప్యూటర్ బడిలో కోతులదే రాజ్యం. కుర్చీలు వాటివే, మీటలు వాటివే, ఇకిలింపులూ వాటివే. బడికి పెద్ద నక్క. "అందరికీ కంప్యూటర్ చదువు! పెట్టలకు నేనే అండ!" అని ఊరూరా ఉపన్యాసాలు దంచేది. బడి బోర్డు మీద తన బొమ్మ పక్కనే నల్లపెట్ట బొమ్మ కూడా వేయించింది.

ఆ పెట్ట నిజంగానే నేర్చుకుందామని వచ్చింది. పోయిన వానాకాలం గూటి తలుపు వేయడం మరిచిపోతే ఎవరో రెండు పిల్లలను ఎత్తుకుపోయారు. పొద్దు గూకగానే తలుపు దానంతటదే మూసుకునేలా చేయాలని దాని పంతం.

"అన్నగారూ, నా వంతు ఎప్పుడండీ?"

"తొందరేముంది చెల్లెమ్మా? ముందు కోతులకు టీలు అందించు. నీ తరఫున మాట్లాడడానికి నేను లేనూ?"

అతిథులొచ్చిన రోజు మాత్రం పెట్టకు పట్టు కండువా, ముందు వరస. దీపం వెలిగించాలి, పూలగుత్తి ఇవ్వాలి, ఫోటోలో ముక్కు పైకెత్తి నవ్వాలి. నక్క వినయాలు తెలిసినవేగా! పెట్టకు ఒళ్ళు మండిపోయేది.

ఒకనాడు ఏనుగు తనిఖీకి వచ్చింది. బడిలో అన్ని జాతులూ నేర్చుకుంటున్నాయని తేలితే బడికి కొత్త కంప్యూటర్లు, నక్కకు శాలువా. నక్క పెట్టల కష్టాలు ఏకరువు పెట్టి కళ్ళు తుడుచుకుంది.

"చాల్లేవయ్యా," అంది ఏనుగు. "ఏమ్మా పెట్టా, ఇక్కడేం నేర్చుకున్నావో చేసి చూపించు."

"దానికి సిగ్గెక్కువ తాతగారూ, నేను చెప్తా..."

"సిగ్గేం లేదండీ," అంది పెట్ట.

నేరుగా వెళ్ళి దీపం వెలిగించింది. ఏనుగుకు పూలగుత్తి ఇచ్చింది. కోతులకు వరసగా టీలు అందించింది. చివరికి కెమెరా వైపు తిరిగి, ముక్కు పైకెత్తి నవ్వుతూ అలాగే నిలబడిపోయింది.

"మరి కంప్యూటరో?"

"దుమ్ము తుడుస్తానండీ. మీట మాత్రం ముట్టనివ్వలేదు. అన్నగారు నేర్పింది నేర్పినట్టు చేశాను, తప్పులుంటే మన్నించండి."

కోతులు టీ గ్లాసులు చటుక్కున కింద పెట్టేశాయి.

"పైన పటారం, లోన లొటారం!" ఏనుగు ఘీంకరించింది. "పెట్టలకు అండ నువ్వేనన్నావుగా? అయితే ఆ టీ పళ్ళెం నువ్వు పట్టుకో. అమ్మా, నువ్వెళ్ళి కుర్చీలో కూర్చో."

పెట్ట ముక్కుతో టకటకా మీటలు పొడిచింది. కోతుల్ని అడిగింది, వాటితో తిట్లు తింది, అయినా గూటి తలుపు కిటుకు పట్టుబడేదాకా కుర్చీ వదల్లేదు.

ఒక సాయంత్రం నక్క ఎప్పటిలాగే, "చెల్లెమ్మా, పిల్లలు కులాసానా?" అంటూ వచ్చి గూట్లో తల పెట్టబోయింది. పొద్దు గూకింది. తలుపు దానంతటదే ధనామని మూసుకుంది, సరిగ్గా నక్క మూతి మీద.

"కులాసాయే అన్నగారూ," అంది పెట్ట లోపల్నుంచి. "ఇకముందు కూడా."

నీతి: పటంలో చోటిచ్చినవాళ్ళంతా పాఠంలో చోటివ్వరు.